ఆసుపత్రిలో నోరెత్తరాదా?

2022 సంవత్సరము మార్చి నెల కడపటి దినమున ఓరుగల్లు పేరు దేశమంతట మారుమ్రోగినది. వేయిస్తంభముల గుడి మూలముగాగాని, కాకతీయ తోరణము మూలముగాగాని కాదు. మహాత్మాగాంధి స్మారక వైద్యశాలయందు కదలలేక పడియున్న యొక రోగి చేతులను, కాళ్లను ఎలుకలు కొరికినవను వార్త మూలముగా! ఆ రోగి సామాన్యపు వార్డులో నుండినవాడు కాడు. ఊపిరితిత్తుల వ్యాధి ముదిరినవారి కొరకు వేరుగా నేర్పరచిన తీవ్రచికిత్సావిభాగమున నుండినవాడు. రక్తముతో తడిసిన పక్కను చూచి గగ్గోలు పెట్టినవారు అతని బంధువులు. ఇది మొదటిమారు కాదనియు, అంతకుముందే యొకమారు కొరికినవనియు వారు మొరపెట్టుకొనిరి. అప్పుడుగాని ప్రభుత్వమునకు మెలకువ రాలేదు. వెంటనే సూపరింటెండెంటును బదిలీ చేసిరి. ఇరువురు వైద్యులను సస్పెండు చేసిరి. రోగిని హైదరాబాదులోని నిమ్సు ఆసుపత్రికి తరలించిరి. ఏప్రిల్ తొలి దినములలోనే యతడు మరణించెను. మరణమునకు కారణము ముదిరిన వ్యాధియే గాని ఎలుకకాటు కాదని వైద్యులు చెప్పిరి. అట్లే యగుగాక. ఆ విషయమున మేము వారితో వాదింపబోము. కాని, ఎట్లును బ్రతుకడని చెప్పబడిన మనుజుని ఎలుకల పాలు చేయుటకు ఆ మాట సమాధానము కాజాలదు.

నాడు పట్టణమంతయు ఎలుకలను గూర్చియే మాటలాడినది. బోనులెన్ని పెట్టిరి, కలుగులెన్ని మూసిరి, మురుగుకాలువ యెక్కడ తెగినది అను చర్చయే ఎల్లెడల వినవచ్చినది. మాకు మాత్రము ఎలుక ముఖ్యముగా తోచలేదు. ఎలుక ఒక్క నిమిషములో మనుష్యుని వ్రేలు కొరికి రక్తము కారునట్లు చేసి పోవునది కాదు. అది మంచము నెక్కవలయును, అటునిటు చూడవలయును, అలికిడి లేదని రూఢి చేసికొనవలయును. మనుజుని కాలిచప్పుడు వినబడినంతమాత్రన పరుగెత్తు జంతువది. అట్టిది అంతసేపు నిర్భయముగా నుండెననగా ఆ మంచముచెంత అంతసేపు కనిపెట్టి చూచు కన్నొక్కటియు లేదనుటయే గదా! కావున ఎవరిని బదిలీ చేసిరి, ఎవరిని సస్పెండు చేసిరి అనునవి మా ప్రశ్నలు కావు. ఆ రాత్రి ఆ గదిలో పడకలెన్ని? నర్సులెందరు? ఇంతియే మేమడుగునది. బోధనాసుపత్రుల సామాన్యవార్డులలో ముగ్గురు రోగులకొక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికొకరు, తీవ్రచికిత్సావిభాగములలో పడకకొకరు ఉండవలయునని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణమేర్పరచియున్నది. మన పెద్దాసుపత్రి 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్యకళాశాలకు బోధనాసుపత్రి. ఆ లెక్క ఆసుపత్రి గోడమీద కనబడిననాడు ఎలుకల కథ దానంతటదియే ముగియును.

ఇది ఓరుగంటికే పట్టిన శని యనుకొనుట పొరపాటు. 2015 ఆగష్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పదిదినముల పసికందును ఎలుకలు కొరికినవి. ఆ శిశువు మరణించినది. పదియేండ్లు గడచిన పిమ్మట, 2025లో, మధ్యప్రదేశమందలి ఇండోర్ నగరపు పెద్దాసుపత్రిలో నవజాతశిశువుల విభాగముననే ఇరువురు శిశువులకు అదే గతి పట్టినది. ఆ యిరువురును మరణించిరి. అచ్చట నర్సులను సస్పెండు చేసిరి. ఊరు మారినది, సంవత్సరము మారినది, పార్టీ మారినది; ఉత్తర్వు మాత్రము మారలేదు. ఒక అధికారిని కదలించుట, ఇద్దరు ముగ్గురు చిన్నవారిని ఇంటికి పంపుట, పత్రికలలో పటము వేయించుకొనుట. పిమ్మట మరల నిద్ర.

ఇట్టి సందర్భములందు అధికారుల నోట తప్పక వినవచ్చు సమాధానమొకటి కలదు. రోగులతో వచ్చినవారు గుంపులుగా లోపల చేరుచున్నారట. అన్నము తెచ్చి తిని పారవైచుచున్నారట. ఎలుకలు అందుచేతనే వచ్చుచున్నవట! వినుటకు న్యాయముగనే యున్నది. కాని ఆ బంధువులు లోపల చేయుచున్నదేమి? ఒక్కరాత్రి పెద్దాసుపత్రి వరండాలో నిలిచి చూచినవారికిది చెప్పనక్కరలేదు. స్ట్రెచరు త్రోయునది కొడుకు. సెలైను సీసా చేతబట్టుకొని వెంట నడచునది భార్య. రక్తము నింపిన గొట్టమును పరీక్షాశాలకు మోసికొనిపోవునది తమ్ముడు. మలమూత్రములెత్తునది తల్లి. సీసాలో మందయిపోవుచున్నదని కనిపెట్టి, పరుగున పోయి, అమ్మా, సిస్టరమ్మా అని పిలిచి, కసురుకొనిన పడి, మరల వచ్చి కూర్చుండునది అక్షరము రాని ముసలిది. రెండుగంటలకొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పవలయునని, లేనియెడల వీపున పుండ్లు పడునని ఆమెకు చెప్పినవారుండరు, త్రిప్పువారును ఉండరు. రాత్రి మంచము క్రిందనే తుండుగుడ్డ పరచుకొని కునుకు తీయును. ప్రభుత్వము జీతమిచ్చి చేయింపవలసిన పరిచర్యనంతయు ఈ పేదలు జీతము లేక చేయుచున్నారు. పైగా వీరివలన ఆసుపత్రి పాడగుచున్నదను నింద! వీరినందరిని ఒక్కదినము వెలుపలికి పంపి తలుపులు మూసినచో సాయంకాలమునకు ఎన్ని వార్డులు నడచునో అధికారులు చెప్పగలరా?

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకునకు నాలుగు గుణములుండవలెనన్నాడు: పని తెలియుట, నేర్పు, రోగియందు ప్రీతి, శుచిత్వము. మన ప్రభుత్వములు మొదటి రెండు పాదములను మాత్రము ఎరుగును. వైద్యుల ఖాళీలని విందుము, మందుల కొరత యని విందుము, యంత్రములు వచ్చినవని రిబ్బనులు కత్తిరించుట చూతుము. మూడవ పాదమును గూర్చి పలికినవారు అరుదు. కుంటి మంచముపై మన రోగులు పడియున్నారు.

ఇక నోరెత్తుట మాట. నోరెత్తరేల? పరకాలనుండియో, ములుగునుండియో, మహబూబాబాదు తండాలనుండియో వచ్చిన కుటుంబమును అడిగిచూడుడు. వారికి కోపము లేకపోలేదు, తెలివి లేకపోలేదు. వారి లెక్క వారికున్నది. నేడు నేను ఫిర్యాదు చేసినచో రేపు నా బిడ్డకు సూది వేయునది ఆమెయే గదా! ఆ చేయి ఒక్కింత మొరటుగా పడినచో? పిలిచినప్పుడు రాకపోయినచో? వైద్యులు వచ్చువేళకు మా కాగితము అడుగున పడినచో? ఈ భయము నిరాధారమని ఎవరైనను ప్రమాణము చేయగలరా? పట్టణమందలి చదువరులకును ఈ భయము తప్పినది కాదు. పఠనమందిరములో కూర్చుండి రాజ్యాంగమును గూర్చి గంటలకొలది వాదించు పెద్దమనుష్యుడు, తన తండ్రి వార్డులో పడియున్నప్పుడు, స్ట్రెచరు త్రోయువాని చేతిలో నూరురూపాయల నోటు పెట్టి దండము పెట్టును. బయటికి వచ్చి, ఏమి చేయుదుమండీ, లోకమట్లున్నది అనును. లోకమట్లుండుటకు ఆ నోటే కారణమని ఆయనకు తోచదు. పేదవాడు భయముచేత ఊరకున్నాడు. మనము సిగ్గులేక ఊరకున్నాము.

చట్టము చేయు వింతను గూడ పాఠకులు గమనింపవలయును. 1998లో సర్వోన్నత న్యాయస్థానము స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అచ్చట అర్హత లేని నర్సు ఒకతె చిన్నబాలునకు ఒక మందునకు బదులు వేరొక మందును సూదిద్వారా ఎక్కించినది. బాలుని మెదడు చెడినది. బాలునకు పన్నెండున్నర లక్షల రూపాయలు, తలిదండ్రులకు అయిదులక్షలు పరిహారముగా నిప్పించిరి. అది డబ్బు పుచ్చుకొను ఆసుపత్రి గనుక వినియోగదారుల చట్టము తలుపు తెరచినది. అంతకుముందే, 1995లో, వి.పి. శాంత వ్యాజ్యమున అదే న్యాయస్థానము, అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రులలోని సేవ ఆ చట్టమునకు లోబడదని నిర్ణయించియుండెను. 2019లో వచ్చిన క్రొత్త చట్టమునను ఉచితసేవకు ఆ మినహాయింపు అట్లే నిలిచినది. కావున వరంగల్లులో డబ్బు చెల్లించి నర్సింగుహోములో చేరినవానికి అశ్రద్ధ జరిగినచో వినియోగదారుల కమీషను కలదు. డబ్బులేక పెద్దాసుపత్రిలో చేరినవానికి ఆ గడప లేదు! 1996లో కలకత్తా వ్యాజ్యమొకదానియందు, ప్రభుత్వాసుపత్రులు సకాలమున చికిత్స చేయకుండుట రాజ్యాంగపు 21వ అధికరణమునకు భంగమని సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన మాట నిజమే. కాని మలమూత్రములెత్తుచున్న ముసలిది హైకోర్టులో రిట్టు వేయునా? కూలివాడును పన్ను కట్టుచున్నాడు. అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టుచున్నాడు, సబ్బుబిళ్ల కొన్నప్పుడు కట్టుచున్నాడు. అతనికి చేయు చికిత్సను ఉచితమని పిలుచుటయే మొదటి అబద్ధము.

జాతీయ మానవహక్కుల సంఘము సిద్ధపరచగా కేంద్ర ఆరోగ్యశాఖ 2018లో ప్రకటించిన రోగుల హక్కుల పత్రమున పదునేడు హక్కులున్నవి. వానిలో తన మొర చెప్పుకొని పరిష్కారము పొందు హక్కును ఒకటి. మరుసటి యేడు దానిని రాష్ట్రములన్నిటికి పంపిరి. దానిని తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయించి ప్రతి వార్డు తలుపునకు తగిలించుటకు ఏ బడ్జెటు కావలయును?

నర్సులను గూర్చి చెప్పకున్న మాట సగమే యగును. మేము వారి పక్షమున మాటలాడవలసినది చాలగలదు. కరోనా మహమ్మారి కాలమున తాత్కాలికముగా నియమింపబడి, ప్రాణములకు తెగించి పనిచేసిన వేయిమందికి పైబడిన నర్సులను మన రాష్ట్రప్రభుత్వము 2021 జులైలో ఒక్కపెట్టున తొలగించినది. వారు హైదరాబాదు వీధులలో ఆందోళన చేయవలసివచ్చినది. 2017లో వెలువడిన స్టాఫునర్సుల నియామకపు ప్రకటన ఏండ్ల తరబడి వ్యాజ్యములలోను జాప్యములోను నలిగినది. 2024 జనవరి 31వ తేదీన 6,956 మందికి ఒక్కసభలో నియామకపత్రము లిచ్చిరి. సంతోషమే. అన్ని వేల పదవులు అంతకాలము ఖాళీగా నుండెననియు ఆ సంఖ్యయే చాటుచున్నది గదా! ఖాళీపదవిలో నర్సు లేదు గాని దాని క్రింది మంచములో రోగి యున్నాడు. అతనికి చేయవలసిన పనినంతయు ప్రక్కవార్డు పిల్ల నెత్తిన వేసిరి. ముప్పదిమందిని ఒక్కతె చూచునప్పుడు ఆమె పరిచర్య చేయుటలేదు. పుస్తకములు నింపుచున్నది, సూదులు వేయుచున్నది, పరుగెత్తుచున్నది. ఆమె నోరెత్తి ఇది నావలన కాదు అన్నచో, ఒప్పందపు కొలువు గనుక మరునెల కొలువుండదు. రోగి బంధువునకు ఎంత భయమో ఆమెకును అంతే భయము. ఇరువురును ఒకరినొకరు చూచి మండిపడుచున్నారు. వీరిరువురిని ఇట్లు ఎదురెదురుగా నిలిపినవారు పైయంతస్తున చల్లగా నున్నారు.

అయినను ఒక మాట దాచము. మంచిమాటకు బడ్జెటక్కరలేదు. ప్రసవవేదన పడుచున్న స్త్రీని నీచపు మాటలాడుటకు పనిభారము కారణమని మేమొప్పుకొనము. ముసలివానిని ఒరే అని పిలుచుట, కులమడిగి ముఖము చిట్లించుట, మురికిబట్టలవానిని చూచి ముక్కు మూసికొనుట, ఇవి సిబ్బంది కొరతవలన వచ్చినవి కావు. మన నర్సులు చేయగలిగినదేమో బొంబాయి నగరమున కె.ఇ.యం. ఆసుపత్రి నర్సులు లోకమునకు చూపిరి. 1973లో అదే ఆసుపత్రి ఉద్యోగి చేసిన ఘోరకృత్యమునకు గురియై స్పృహ దప్పిన తమ తోటినర్సు అరుణా శానభాగ్‌ను, 2015లో ఆమె మరణించువరకు, నలువదిరెండేండ్లు తరములు మారినను వంతులవారీగా సాకిరి. అన్నేండ్లు మంచమున నున్నను ఆమెకు పడకపుండ్లు లేకుండ కాపాడిన సంగతి 2011లో సర్వోన్నత న్యాయస్థానమే మెచ్చుకొనెను. అదియు కిటకిటలాడు నగరపాలక ఆసుపత్రియే గాని చక్రవర్తుల సౌధము కాదు.

నోరెత్తినవారి గతి యేమగునో ఇంగ్లండు చెప్పగలదు. స్టాఫర్డు ఆసుపత్రిలో 2007లో జూలీ బెయిలీ యను నామె తల్లి మరణించినది. తల్లి మంచముచెంత తాను కన్న నిర్లక్ష్యమును ఆమె మరువలేదు. తన చిన్న కాఫీహోటలులోనే తనవంటి దుఃఖితులను చేర్చుకొని సంఘము పెట్టినది. ఆ ఆసుపత్రి అత్యవసర విభాగపు నర్సు హెలీన్ డొనెల్లీ లోపలనుండియే అనేక పర్యాయములు వ్రాసి మొరపెట్టినది. అధికారులు పెడచెవిని పెట్టిరి. ఊరివారు మా ఆసుపత్రికి చెడ్డపేరు తెచ్చుచున్నదని జూలీపైననే విరుచుకుపడిరి. ఆమె తల్లి సమాధిని గూడ పాడుచేసిరి. తుదకామె ఊరు విడువవలసివచ్చినది. 2013 ఫిబ్రవరిలో రాబర్టు ఫ్రాన్సిసు విచారణనివేదిక వెలువడినది. ఖర్చు తగ్గించు పట్టుదలతో నర్సులను తగ్గించుటయు, పైవారు లెక్కలు చూచి రోగులను చూడకుండుటయు అందు బయటపడెను; 290 సిఫారసులు చేయబడినవి. దేశప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పుకొనెను. మరుసటి యేటినుండి ఇంగ్లండులోని ఆసుపత్రులు ప్రతి వార్డులో ఆ పూట ఉండవలసిన నర్సులెందరు, ఉన్నవారెందరు అని తలుపుకడనే వ్రాసి పెట్టవలసివచ్చినది. ఒక కాఫీహోటలు యజమానురాలు, ఒక నర్సు నోరు మూసికొనియుండినచో ఇది జరిగెడిది కాదు. మన ఊరిలో అట్టివారు లేరా? ఉన్నారు. 2022లో నెత్తురు పక్కను నలుగురికి చూపినవారు వారే. వారిని మనము మరచితిమి.

మన పెద్దాసుపత్రికి ఎవరి పేరు పెట్టితిమో యొక్కమారు తలచుకొనుడు. మహాత్ముడు రోగిపరిచర్యను ఉపన్యాసములలో చెప్పి విడిచినవాడు కాడు. దక్షిణాఫ్రికాలో బోయరుయుద్ధమున క్షతగాత్రులను మోసినాడు. 1904లో జొహానెస్‌బర్గులో ప్లేగు సోకిన భారతీయ కూలీలను పాడుపడిన ఇంటిలో చేర్చి, సహచరులతో కూడి తానే పరిచర్య చేసినాడు. అక్కడి నగరపాలకులు పంపిన నర్సు ఆ రోగమునకే బలియైనది. ఆమెను ఆయన తన ఆత్మకథలో స్మరించినాడు. సేవాగ్రామమున కుష్ఠురోగియైన పరచురేశాస్త్రి పుండ్లను తన చేతులతో కడిగినాడు. అట్టివాని పేరు గలిగిన భవనమున రోగి ఎలుకల పాలగుట! ఇంకొక పేరును గలదు. మన నర్సులకు, వైద్యులకు పట్టములిచ్చు ఆరోగ్యవిశ్వవిద్యాలయము ఈ ఊరనే యున్నది; అది కాళోజీ నారాయణరావు పేర వెలసినది. అన్యాయము కనబడినచోట ఊరకుండజాలక, తన కవితలన్నిటికి నా గొడవ యని పేరు పెట్టుకొన్న మనుష్యుడాయన. ఆయన పేర పట్టము పుచ్చుకొన్నవారి వార్డులలో, గొడవ చేయవద్దు, బయటికి పొండు అనుమాటయే మొదట వినవచ్చుచున్నది!

కొత్తభవనము వచ్చుచున్నదిగదా యని మిత్రులందురు. 1886 నాటి సెంట్రల్ జైలును పడగొట్టి, ఆ స్థలమున ఇరువదినాలుగు అంతస్తులతో, రెండువేల పడకలతో ఆసుపత్రి కట్టుటకు 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగినది. వేయికోట్లకు మించిన పని. కట్టుడు, వలదనము. కాని అంతస్తులు రోగిని ప్రక్కకు త్రిప్పవు. రెండువేల పడకలకు నర్సుల పదవులెన్ని మంజూరైనవో, వానిలో ఎన్ని నింపెదరో శిలాఫలకముమీద ఏల చెక్కరాదు? కాకతీయుల కాలమున 1261 నాటి మల్కాపురశాసనమున ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు చేసిన దానములను రాతిమీద చెక్కించిరి. భవనము కట్టి ఊరకుండక, దాని నిర్వాహమునకు భూమినిచ్చి శాశ్వతాదాయమేర్పరచిరి. ఆ పాటి ముందుచూపు వారికుండెను.

మరియొక సంగతి. ఆసుపత్రి అద్దములు పగులగొట్టుట, రాత్రి కొలువులోనున్న పిల్లవైద్యుని, నర్సును కొట్టుట నోరెత్తుట కాదు. దానిని మేము గర్హింతుము. 2008 నుండి దానికి ప్రత్యేకముగా చట్టమును గలదు. కొట్టబడువారు ఎప్పుడును అక్కడున్నవారే గాని, అక్కడలేని నర్సును నియమింపనివారు కారు. కాగితము తీసికొనుడు. తేదీ వ్రాయుడు, వేళ వ్రాయుడు, పడకసంఖ్య వ్రాయుడు. ఎవరిని పిలిచిరో, ఎంతసేపటికి వచ్చిరో వ్రాయుడు. నకలొకటి దగ్గరనుంచుకొని సూపరింటెండెంటు కార్యాలయములో ముద్ర వేయించుకొనుడు. వ్రాయనేరనివారికి వ్రాసిపెట్టుటకు పఠనమందిరములలో కూర్చుండు మనమున్నాము. హనుమకొండలో 1904నాడే రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము స్థాపించుకొన్న ఊరిలో అర్జీ వ్రాయువారు కరవా? సాయంకాలము గంటసేపు ఇద్దరిద్దరు యువకులు వంతులవారీగా ఆసుపత్రి గేటుచెంత కూర్చుండి, అడిగినవారికి అర్జీ వ్రాసియిచ్చిన చాలును. పేరు చెప్పుటకు భయపడువారి మాటను సమాచారహక్కు చట్టము క్రింద మన పేరుతో మనమడుగవచ్చును: ఫలానా తేదీ రాత్రి ఫలానా వార్డులో రోగులెందరు, నర్సులెందరు? ముప్పదిదినములలో జవాబీయవలయును.

ప్రభుత్వమును మేము నేడు కోరునది కోట్లు కాదు. ప్రతి వార్డు గుమ్మముకడ ఒక నల్లబల్ల. దానిమీద ప్రతిపూటయు మూడంకెలు: రోగులు, ఉండవలసిన నర్సులు, ఉన్న నర్సులు. బల్లయు సుద్దముక్కయు మేమే తెచ్చియిత్తుము. అంకెలు వ్రాయుటకు సూపరింటెండెంటుగారికి అభ్యంతరమేమో వారు సెలవియ్యవలయును.